తలుపు కింద గాలి ఎటు పోతోంది? చిన్న ఫ్లాట్‌లో జబ్బు మనిషిని వేరుగా ఉంచడం గురించి

పోయిన వారం రాత్రి తొమ్మిదింటికి మా చెల్లె మహబూబ్‌నగర్ నుంచి ఫోన్ చేసింది. "అన్నా, పిలగానికి అమ్మ పోసింది. ఉన్నవి రెండే గదులు, బాత్రూం ఒక్కటే. అత్తమ్మేమో గాలి తగలొద్దని కిటికీలన్నీ మూసేసింది. ఈయనకు చిన్నప్పుడు పోయలేదంట. ఏం జెయ్యాలె?" అంది. అమ్మ పోసిందంటే ఆటలమ్మ, చికెన్‌పాక్స్. దాదాపు గంటసేపు మాట్లాడాం. అప్పుడు చెప్పినవి, మరిచిపోయి తర్వాత మెసేజ్ పెట్టినవి, అన్నీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఎందుకంటే 2021 మేలో నల్గొండలో నేను ఇలాగే ఒక గదిలో పది రోజులు ఉన్నాను, అప్పుడు తెలియక ఒక తప్పు చేశాను, ఆ తప్పు ఇప్పటికీ చాలా ఇళ్లలో జరుగుతూనే ఉంది.

ముందు ఒక చిక్కు విప్పాలి. ఐసోలేషన్ అనగానే మనకు కరోనా రోజులే గుర్తొస్తాయి, మూసిన తలుపు, బయట స్టూలు, దాని మీద అన్నం ప్లేటు. జబ్బు ఏదైనా ఇదే పద్ధతి అనుకుంటాం. కానీ జబ్బు ఒంట్లోంచి ఏ దారిన బయటికి వస్తుందో దాన్ని బట్టి పద్ధతి మారాలి. డెంగీ వచ్చిన మనిషిని గదిలో పెట్టి తలుపు వేస్తే ఏం లాభం లేదు, అది ఊపిరితో వచ్చేది కాదు. జ్వరం ఉన్న మొదటి నాలుగైదు రోజుల్లో అతన్ని కుట్టిన దోమ, ఇంకో వారం పది రోజులు గడిచాక పక్కవాళ్లను కుడితే వస్తుంది. అతనికి కావాల్సింది పగలు కూడా దోమతెర, ఎందుకంటే ఆ దోమ కుట్టేది ఎక్కువగా పగలే. అది గుడ్లు పెట్టేది మురికి కాలువలో కాదు, నిలవ ఉన్న మంచినీళ్లలో, అంటే మన ఇళ్లలో కూలర్ తొట్టిలో, పూలకుండీ కింద ప్లేటులో. టైఫాయిడ్, కామెర్లలో ఏ, ఈ రకాలు మలం నుంచి చేతులకు, చేతుల నుంచి అన్నానికి, నీళ్లకు వెళ్తాయి. వాళ్ల పక్కన కూర్చుని ఎంతసేపు మాట్లాడినా ఏమీ కాదు, కానీ వాళ్లు వంటింట్లోకి వచ్చి నలుగురికీ వడ్డించకూడదు, సబ్బుతో చేతులు కడగకుండా కడవలో చెంబు ముంచకూడదు. ఫ్లూ, కరోనా, టీబీ, తట్టు, ఆటలమ్మ గాలి దారిన పోయేవి. అందుకే డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు "ఎన్ని రోజులుండాలి సార్" అని అడిగే ముందు "ఇది ఎట్ల అంటుకుంటది" అని అడగండి. ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా గాలి దారిన పోయే జబ్బుల గురించే.

రోజుల లెక్క కూడా ఒక్కో జబ్బుకు ఒక్కోలా ఉంటుంది. ఆటలమ్మ పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అంటుకోవడం మొదలవుతుంది, పొక్కులన్నీ ఎండి పెచ్చు కట్టేదాకా ఉంటుంది. ఫ్లూ లక్షణాలు మొదలవడానికి ఒక రోజు ముందు నుంచి అయిదు, ఏడు రోజుల వరకు. తట్టు దద్దు రావడానికి నాలుగు రోజుల ముందు, వచ్చాక నాలుగు రోజులు. టీబీలో సరైన మందులు మొదలుపెట్టిన రెండు వారాలకు చాలామందిలో అంటించే గుణం బాగా పడిపోతుంది, మందులు మాత్రం నెలల తరబడి వాడాలి. కరోనాకు మన కేంద్ర ఆరోగ్య శాఖే 2020లో మొదట 17 రోజులు అంది, తర్వాత 10 చేసింది, 2022 జనవరిలో ఏడుకు దించి, చివరి మూడు రోజులు జ్వరం లేకుండా ఉండాలని చెప్పింది. మాటలు మారుస్తున్నారని అప్పుడు చాలామంది విసుక్కున్నారు గానీ, ఆ జబ్బు గురించి తెలిసేకొద్దీ లెక్క మారింది, అది సహజమే.

ఇప్పుడు గాలి సంగతి. వంటింట్లో తాలింపులో ఎండు మిరపకాయ మాడితే ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. అర నిమిషంలో హాల్లో టీవీ చూస్తున్నాయన దగ్గుతాడు, ఇంకో నిమిషానికి బెడ్రూంలో పడుకున్న పిల్లలు తుమ్ముతారు, తలుపు దగ్గరగా వేసి ఉన్నా సరే. జబ్బు మనిషి దగ్గినప్పుడు, మాట్లాడినప్పుడు, ఊరికే ఊపిరి వదిలినప్పుడు కూడా వచ్చే సన్నని తుంపరలు అచ్చం ఆ ఘాటు పోయిన దారినే పోతాయి. పెద్ద తుంపరలు మీటరు, రెండు మీటర్లలో కింద పడిపోతాయి. సన్నవి పడవు, గాలిలో తేలుతూ ఉంటాయి. తట్టు వైరస్ అయితే మనిషి గదిలోంచి వెళ్లిపోయిన రెండు గంటల వరకు కూడా ఆ గాలిలో ఉండగలదు. అందుకే చిన్న ఫ్లాట్‌లో "ఆరు అడుగుల దూరం" అనే మాట ఒక్కదాన్ని నమ్ముకుంటే సరిపోదు. పది అడుగుల గదిలో కిటికీ మూసి, ఆ మూలన ఒకరు, ఈ మూలన ఒకరు కూర్చుంటే ఇద్దరూ పీల్చేది ఒకే గాలి.

మన దగ్గర సుస్తీ చేసిన మనిషికి మొదట చేసే పని ఏంటంటే కిటికీ మూయడం, గాలి తగిలితే జరం తిరగబెడుతుందని. ప్రేమతో చేసే పనే అది, మా అమ్మ కూడా చేసింది. కానీ దానివల్ల లోపలి మనిషి వదిలిన గాలే గదిలో చిక్కబడి, చివరికి తలుపు సందులోంచి ఇంట్లోకే వస్తుంది.

2021లో నల్గొండ జిల్లాలోనే ఒక కుర్రాడికి కరోనా వస్తే, ఇంట్లో ఉన్నది ఒకటే గది కావడంతో, వాకిట్లో చెట్టు కొమ్మల మీద పడక కట్టుకుని పదకొండు రోజులు దాని మీదే ఉన్నాడు. అప్పుడు దేశమంతా ఆ వార్త చదివింది. చదివినప్పుడు నాకు కళ్లు తడిశాయి, ఒక పిల్లవాడికి ఆ గతి పట్టడం మన సిగ్గు. కానీ తర్వాత ఆలోచిస్తే ఇంకోటి తోచింది, గాలి విషయంలో మాత్రం ఆ కుర్రాడు నాకంటే ఇంటివాళ్లను బాగా కాపాడాడు. నాకు నాలుగు గోడలు, గడియ ఉన్న తలుపు ఉన్నాయి. కానీ నా గది గాలి ఎక్కడికి పోతుందో నాకు తెలియదు.

ఆ రోజులు ఎలా ఉండేవో చెబుతాను. మాది మూడో అంతస్తు, పైన నేరుగా డాబా. మే నెల, నల్గొండ ఎండ సంగతి తెలిసిందే, రాత్రి పదకొండింటికి కూడా స్లాబ్ మీద పొయ్యి ఆర్పినట్టు సెగ దిగుతూ ఉంటుంది. లాక్‌డౌన్, పొద్దున ఆరు నుంచి పది దాకే బయట తిరగనిచ్చేవాళ్లు. చిన్న బెడ్రూంలో నేను, హాల్లో అమ్మ, నా భార్య, పాప. జ్వరం మనిషికి చల్లగా ఉండాలని కూలర్ నా గది కిటికీకి పెట్టారు. రోజూ సాయంత్రం అయిదింటికి అమ్మ నా తలుపు బయట పీట వేసుకుని కూర్చునేది. ఊరి నుంచి తెచ్చిన చింతపండు ముందు పోసుకుని గింజలు తీసేది. గింజ స్టీలు గిన్నెలో పడ్డప్పుడల్లా టక్కుమని చప్పుడు. ఆ చప్పుడు వినబడితే చాలు నాకు ప్రాణం లేచి వచ్చేది. "ఏం బిడ్డా, తిన్నవా? దూప అయితుందా?" అని మొదలుపెట్టి, ఊళ్లో ఎవరి బర్రె ఈనింది, ఎవరి బోరు ఎండింది అన్నీ చెప్పేది. తలుపు మూసే ఉంది కదా, ఏం కాదనుకున్నాం.

నాలుగో రోజు కరెంటు పోయి వచ్చాక అమ్మ దేవుడి దగ్గర అగరుబత్తి ముట్టించి, అది చేత్తో పట్టుకునే పీట మీదికి వచ్చింది. నా భార్య హాల్లోంచి చూసి అడిగింది, "అత్తమ్మా, పొగ మీ మొహం మీదికే వస్తుందేంది?" అని. తలుపు కింద వేలెడంత సందు. ఆ సందులోంచి వచ్చే గాలి అగరుబత్తి పొగను అమ్మ వైపు తోస్తోంది. కూలర్ బయటి గాలిని నా గదిలోకి పంపు చేస్తోంది, ఆ గాలికి బయటికి పోవడానికి ఇంకో దారి లేదు, ఉన్న ఒక్క కిటికీలో కూలరే కూర్చుంది, కాబట్టి నా ఊపిరితో సహా తలుపు కింద నుంచి నేరుగా పీట మీద కూర్చున్న మనిషి దగ్గరికి పోతోంది. నాలుగు రోజులుగా రోజుకు గంట. ఆ తర్వాత రెండు రోజులకు అమ్మకు జ్వరం వచ్చింది, మూడు రోజులుండి తగ్గింది. నా గది గాలి వల్లే వచ్చిందని రుజువు లేదు, అంతకుముందే అంటుకుని ఉండొచ్చు. అయినా ఆ పొగ మాత్రం నేను మరిచిపోలేదు.

అప్పుడు మేం చేసిన మార్పు చాలా చిన్నది. కూలర్‌ను నా కిటికీ నుంచి తీసి హాల్ కిటికీకి పెట్టాం. హాల్లో మిగతా కిటికీలు మూశాం. నా గది కిటికీ బార్లా తెరిచాం. ఇప్పుడు కూలర్ బయటి మంచి గాలిని హాల్లోకి తోస్తుంది, ఆ గాలికి పోవడానికి నా తలుపు సందు, నా గది, నా కిటికీ తప్ప వేరే దారి లేదు. మళ్లీ అగరుబత్తి పెట్టి చూస్తే పొగ గీత గీసినట్టు తలుపు కింద నుంచి నా గదిలోకి వంగింది. నాకూ చల్లగాలి వస్తోంది, అమ్మ పీట తలుపు దగ్గరే ఉంది, గాలి మాత్రం ఆమె వీపు వైపు నుంచి నా వైపు వస్తోంది. మాస్క్ పెట్టుకుని కూర్చోమన్నాం, అంతే. గాలి దారి సరిచేస్తే మనిషిని అంత దూరం పెట్టాల్సిన అవసరం రాదని నాకు ఆ సాయంత్రం తెలిసింది, పోయిన వారం చెల్లెకు ఫోన్‌లో చెప్పాలనుకున్న అసలు సంగతి కూడా ఇదే.

కూలర్ లేనివాళ్లు టేబుల్ ఫ్యాన్‌తో చేయొచ్చు. జబ్బు మనిషి గది కిటికీలో ఫ్యాన్ మొహం బయటికి తిప్పి పెడితే అది గది గాలిని బయటికి నెడుతుంది, హాల్ కిటికీ ఒకటి తెరిచి ఉంచితే అక్కడి నుంచి కొత్త గాలి వస్తుంది. సీలింగ్ ఫ్యాన్ గాలిని తిప్పుతుంది గానీ మార్చదు, స్ప్లిట్ ఏసీ కూడా అంతే, గదిలో ఉన్న గాలినే మళ్లీ మళ్లీ చల్లబరుస్తుంది. వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్‌తో జాగ్రత్త, హాల్ కిటికీలు మూసి దాన్ని వేస్తే అది లాగేది జబ్బు మనిషి తలుపు సందు నుంచే. ఇంకోటి, పడమటి గాలి గట్టిగా కొట్టే రోజున పడమటి కిటికీలోంచి గాలి బయటికి పోదు, లోపలికే వస్తుంది, అప్పుడు మీ లెక్క తారుమారు అవుతుంది. అందుకే అగరుబత్తి పరీక్ష ఒక్కసారి చేసి వదలకండి, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి అర నిమిషం చూడండి. ఆయాసం ఉన్నవాళ్లుంటే అగరుబత్తి వద్దు, సన్నని టిష్యూ కాగితం ముక్క దారానికి కట్టి సందు దగ్గర పట్టుకున్నా తెలుస్తుంది.

కిటికీ తెరిస్తే దోమలు. ఇది నిజమైన ఇబ్బంది, చాలా ఇళ్లలో కిటికీ మూయడానికి అసలు కారణం ఇదే. మెష్ ఉంటే మంచిది, లేకపోతే మంచానికి దోమతెర కట్టండి. దోమల చుట్ట మాత్రం వెలిగించకండి. ఒక్క చుట్ట కాలితే వచ్చే సన్నని పొగ కణాలు 75 నుంచి 137 సిగరెట్ల పొగకు సమానమని 2003లోనే ఒక పరిశోధనలో తేలింది. అసలే ఊపిరితిత్తులు ఇబ్బందిలో ఉన్న మనిషి దగ్గర అది పెట్టడం మహా అన్యాయం.

ఒకే బాత్రూం ఉన్నవాళ్లకు లెక్క ఇలా ఉంటుంది. గది గాలి గంటకు ఆరుసార్లు మారుతుంటే, మనిషి బయటికి వచ్చాక ఆ గాలిలోని కణాల్లో 99 శాతం పోవడానికి 46 నిమిషాలు పడుతుంది. రెండుసార్లే మారితే 138 నిమిషాలు. కిటికీ మూసిన బాత్రూంలో రెండుసార్లు కూడా మారకపోవచ్చు. అందుకే జబ్బు మనిషి స్నానం అందరికంటే చివర, ఆ తర్వాత తలుపు మూసి, ఎగ్జాస్ట్ వేసి గంట వదిలేయాలి. మధ్యలో అత్యవసరానికి వెళ్లాల్సినవాళ్లు మాస్క్‌తో వెళ్లాలి. ఫ్లష్ చేసే ముందు కమోడ్ మూత వేయాలి.

ఫ్లాట్లలో ఇంకో సంగతి ఉంది, ఎవరూ పట్టించుకోరు. బాత్రూం నేల మీద నీళ్లు పోయే జాలీ కింద వంపు గొట్టం ఉంటుంది, అందులో ఎప్పుడూ కొంచెం నీళ్లు నిలిచి ఉండి, కింది పైపుల్లోని గాలి పైకి రాకుండా అడ్డుకుంటాయి. ఆ జాలీ వాడకపోతే నీళ్లు ఎండిపోతాయి, అప్పుడు ఎగ్జాస్ట్ వేస్తే పైపుల్లోని గాలిని, అంటే మిగతా ఫ్లాట్ల మురుగు గాలిని, లోపలికి లాగుతుంది. 2003లో సార్స్ అనే, కరోనా లాంటి ఊపిరితిత్తుల జబ్బు వచ్చినప్పుడు హాంకాంగ్‌లో అమోయ్ గార్డెన్స్ అనే అపార్ట్‌మెంట్లలో మూడు వందల మందికి పైగా జబ్బు పడ్డారు, అక్కడ జబ్బు పాకిన దారుల్లో ఇలా ఎండిపోయిన గొట్టాలు, బాత్రూం ఫ్యాన్లు ముఖ్యమైనవని తేల్చారు. మీరు చేయాల్సింది రోజూ ప్రతి జాలీలో ఒక మగ్గు నీళ్లు పోయడమే. నేను ఇప్పటికీ పోస్తాను.

ఇంత గాలి గురించి చెప్పి, వస్తువుల గురించి రెండు మాటలే చెబుతాను, ఎందుకంటే మనం అక్కడ అవసరానికి మించి భయపడతాం. ప్లేట్లు, గ్లాసులు మామూలు సబ్బుతో కడిగితే చాలు, పారేయక్కర్లేదు. కూరగాయలకు శానిటైజర్ వద్దు. ఆటలమ్మలో మాత్రం పొక్కుల రసం అంటుకుంటుంది కాబట్టి తువ్వాలు, దుప్పటి వేరుగా ఉంచి, ఉతికి, ఎండలో వేయాలి, పిల్లల గోళ్లు కత్తిరించాలి.

చూసుకునే మనిషి ఒక్కరే ఉండాలి, ఎవరన్నది జబ్బును బట్టి తేల్చుకోవాలి. మా చెల్లెకు ఏడేళ్లప్పుడు ఆటలమ్మ వచ్చింది, నాకు బాగా గుర్తు, మా ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టారు. ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ రావడం చాలా అరుదు, కాబట్టి పిల్లవాడి దగ్గర ఉండాల్సింది ఆమె. బావకు రాలేదు, పెద్దవాళ్లలో అది పిల్లల్లో కంటే తీవ్రంగా వస్తుంది, న్యుమోనియా దాకా పోవచ్చు. ఇంట్లో అంటుకునే అవకాశం ఉన్నవాళ్లలో పదిమందికి తొమ్మిదిమందికి అంటుకునేంత గట్టి జబ్బు అది. అందుకే ఆయన్ని తెల్లారే డాక్టర్ దగ్గరికి పొమ్మన్నాను, అంటుకున్న మూడు నుంచి అయిదు రోజుల్లోపు టీకా వేయించుకుంటే రాకుండానో, తేలిగ్గానో పోయే అవకాశం ఉంది. అయినా 21 రోజులు ఒంటిమీద కన్నేసి ఉంచాలి, ఒక్క పొక్కు కనిపించినా ఆ రోజే డాక్టర్‌కు చూపించుకోవాలి, మందు మొదటి 24 గంటల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది.

ఎదురు ఫ్లాట్‌లో ఒక గర్భిణి ఉందని చెల్లె మాటల్లో చెప్పింది. వాళ్లకు చెప్పావా అంటే, చెబితే ఏమనుకుంటారోనని చెప్పలేదంది. ఇక్కడ మాత్రం నేను గట్టిగానే అన్నాను. గర్భిణికి, పురిటి బిడ్డకు, కీమో తీసుకునేవాళ్లకు ఆటలమ్మ ప్రమాదం. ఆ రాత్రే ఫోన్ చేసి చెప్పమన్నాను. కరోనా అప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో ఒకరి ఇంటికి పాలు పోయడం ఆపించారు, ఆ భయం మా చెల్లె మనసులో ఇంకా ఉంది. చెప్పినవాళ్లను అలా చూస్తే రేపు ఎవరూ చెప్పరు. ఎదురింటి ఆమె మాత్రం, "మంచి పని చేసినవక్కా" అని, మర్నాడే వాళ్ల డాక్టర్‌ను కలిసిందట.

అత్తమ్మ గురించి. ఆమె కట్టిన వేపమండలు తీసేయమని నేను చెప్పలేదు. గుమ్మానికి వేపమండ కనిపిస్తే ఊళ్లో ఎవరూ ఆ ఇంట్లోకి అడుగుపెట్టేవాళ్లు కాదు, ఇంట్లోవాళ్లు పెళ్లిళ్లకు పోయేవాళ్లు కాదు, పొక్కులు ఎండాక తలస్నానం చేయించేదాకా పిల్లను బయటికి పంపేవాళ్లు కాదు. ఏ డాక్టరూ చెప్పకముందే మన అవ్వలు పాటించిన ఐసోలేషన్ అది, దాన్ని నేను గౌరవిస్తాను. మార్చుకోవాల్సినవి మూడే. కిటికీ తెరవాలి. గోరువెచ్చని నీళ్ల స్నానం రోజూ చేయించొచ్చు, కావాలంటే వేపాకు వేసుకోండి. గోలీలు వేస్తే అమ్మవారికి కోపం వస్తుందన్న మాట వదిలేయాలి. జ్వరానికి పిల్లల బరువును బట్టి పారాసిటమాల్ ఇవ్వొచ్చు, ఆస్పిరిన్ మాత్రం పిల్లలకు ఈ జబ్బులో, ఫ్లూలో అసలు ఇవ్వకూడదు, ఐబుప్రోఫెన్ కూడా వద్దు. మెడికల్ షాపులో "జరం గోలీ" అని అడిగి తెచ్చుకున్నప్పుడు అందులో ఏముందో పేరు చూడండి. పెద్దవాళ్లూ చూడాలి, జలుబు గోలీల్లో కూడా పారాసిటమాల్ ఉంటుంది, అదొకటి ఇదొకటి వేసుకుంటూ రోజుకు నాలుగు గ్రాములు దాటితే కాలేయానికి దెబ్బ.

ఇక లోపల ఉన్న మనిషి ఒంటి సంగతి. మన దగ్గర మొదటి శత్రువు ఎండ. స్లాబ్ కింద గదిలో నలభై డిగ్రీలు ఉంటే జ్వరమేదో, వేడి ఏదో తెలియదు. వేడి వల్ల ఒళ్లు కాలితే పారాసిటమాల్ పనిచేయదు, చల్లబరచడమే మందు. డాబాకు సున్నం కొట్టించగలిగితే తేడా బాగా తెలుస్తుంది, కనీసం సాయంత్రం నాలుగు బకెట్లు నీళ్లు చల్లండి. నీళ్లు దాహం వేయకపోయినా తాగాలి. విరేచనాలు, వాంతులు ఉంటే లీటరు నీళ్లకు ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచా తలకొట్టి కొలవండి. లేదంటే ఉప్పు వేసిన పల్చని చల్ల, అంబలి.

నీళ్ల దగ్గర నల్గొండవాళ్లకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. జబ్బు చేస్తే నీళ్లు కాచి తాగమంటారు. మునుగోడు, మర్రిగూడ వైపు బోరు నీళ్లు కాస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. మూడు తరాల ఎముకలను వంచిన నీళ్లు అవి. కాచి తాగేవాళ్లు నల్లా ద్వారా వచ్చే కృష్ణా నీళ్లనే కాచండి, బోరు నీళ్లను కాదు.

తిండి గురించి పెద్దగా చెప్పను, నోటికి ఏది సయిస్తే అది, జొన్న రొట్టె మెత్తగా పాలలో నానబెట్టినా సరే, పప్పన్నం, గుడ్డు ఉంటే మంచిది. తాలింపు వద్దు, గుడ్డు వద్దు అని పిల్లవాడిని వారం రోజులు చప్పిడి అన్నంతో ఉంచితే నీరసపడేది వాడే.

పడుకునే ఉండటం రెండో శత్రువు. నా గదిలో మంచం పోను ఎనిమిది అడుగులు నడిచే చోటుంది. జ్వరం తగ్గిన నాటి నుంచి గంటకోసారి లేచి ఆ ఎనిమిది అడుగులే ఇటూ అటూ పదిసార్లు వేసేవాణ్ని. లేవలేనప్పుడు పాదాలు పైకీ కిందికీ ఆడించండి, పిక్కల్లో రక్తం గడ్డకట్టకుండా ఉంటుంది. అరవై దాటినవాళ్లలో మంచం మీద ఉన్న కొద్దిరోజులకే తొడల బలం తగ్గిపోతుంది, తర్వాత కింద పడేది అందుకే. కరోనా, ఫ్లూ లాంటి వాటిలో ఆక్సిమీటర్ (రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే చిన్న యంత్రం) వాడితే వేలికి గోరింటాకు, నెయిల్ పాలిష్ లేకుండా, చెయ్యి చల్లగా లేకుండా చూసుకుని, అంకె కదలకుండా నిలబడే దాకా ఆగి చదవండి. 94 కంటే తగ్గినా, ఆరు నిమిషాలు గదిలోనే నడిచాక అంకె మూడు పాయింట్లకు పైగా పడిపోయినా, మాట్లాడుతుంటే ఊపిరి అందకపోయినా ఇంక ఇంట్లో ఉండే పని లేదు, 108కి ఫోన్ చేయాలి. ఆటలమ్మలో పిల్లవాడు మత్తుగా ఉన్నా, నడక తూలినా, వాంతులు ఆగకపోయినా, పొక్కు చుట్టూ చర్మం ఎర్రబడి కాలుతున్నా దవాఖానకే.

మనసు సంగతి చివర చెబుతున్నానని చిన్నది అనుకోవద్దు. జ్వరం ఉన్నన్ని రోజులు మనసు ఏమీ అనదు, ఒంటి బాధే సరిపోతుంది. కష్టం మొదలయ్యేది జ్వరం దిగాక, అయిదో రోజు, ఆరో రోజు. పగలు నిద్ర పోతాం, రాత్రి రెండింటికి ఫోన్‌లో చావుల లెక్కలు చూస్తాం, నా వల్ల ఇంట్లోవాళ్లకు వచ్చిందేమోనని కుమిలిపోతాం. నాకు అమ్మ జ్వరం విన్న రాత్రి అదే అయింది. నన్ను నిలబెట్టినవి చాలా మామూలు పనులు. పొద్దున ఆరింటికి పరదా తీసి కిటికీ దగ్గర అరగంట కూర్చోవడం, ఆ వెలుతురు పడితేనే రాత్రి నిద్ర వేళకు వస్తుంది. వార్తలు రోజుకు ఒక్కసారి, మధ్యాహ్నం. సాయంత్రం అయిదింటికి పీట. అమ్మకు జ్వరం వచ్చిన మూడు రోజులు పీట ఖాళీగా ఉంటే, మా పాప మాస్క్ పెట్టుకుని కూర్చుని ఎక్కాలు అప్పజెప్పింది. మూసిన గదిలో ఉన్న మనిషికి "ఏమైనా కావాలా" అని అడిగేవాళ్లు కాదు, ఏమీ అడగకుండా పక్కన ఉన్నట్టు కబుర్లు చెప్పేవాళ్లు కావాలి. ఒంటరిగా ఉంటున్నవాళ్లు, హైదరాబాద్‌కో పుణెకో పనికి పోయి అద్దె గదిలో చిక్కుకున్న పాలమూరు పిల్లలు, రోజూ ఒకే వేళకు ఒకరితో మాట్లాడేలా ముందే అనుకోండి. మరీ చీకటి ఆలోచనలు వస్తే టెలిమానస్ నంబర్ 14416 ఉంది, 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టింది, ఏ వేళ చేసినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులు అక్కర్లేదు.

చెల్లె మర్నాడు వీడియో కాల్ చేసింది. పిల్లవాడి గది కిటికీలో టేబుల్ ఫ్యాన్ బయటికి తిరిగి ఉంది, కిటికీకి అటుపక్క వేపమండ కూడా ఉంది. అత్తమ్మ తలుపు దగ్గర కింద కూర్చుని అగరుబత్తి పట్టుకుంది, పొగ లోపలికి పోతుంటే "సూడు బిడ్డా, లోపటికే పోతున్నది" అని ఫోన్‌కు చూపించింది. నిన్నటికి కొత్త పొక్కులు రావడం ఆగిపోయాయి. వీపు మీద మూడు నాలుగు ఇంకా పచ్చిగా ఉన్నాయట. సోమవారం బడికి పంపాలా అని అడిగితే, అవి పెచ్చు కట్టేదాకా ఆగమన్నాను. బావ 21 రోజుల లెక్క క్యాలెండర్ మీద రాసి పెట్టుకున్నాడు, ఇవాళ్టికి ఎనిమిది.